ఎర్రప్ప పెట్టిన గురుతులు

కంబదూరు చుట్టుపక్కల పల్లెల్లో కళాయి వేసే బుడేన్ సాబ్‌ను ఎరగని ఇల్లాలు లేదు. భుజాన తోలుతిత్తి, చేతిలో గోనెసంచి, అందులో తగరం ముక్కలు, నవసాగరం, పాత దూది. ఊరి మొదట నిలబడి “కళాయీ” అని ఒక్క కేక పెట్టేవాడు. ఆ కేక చివర కాస్త వంకర తిరిగేది. చిన్నపిల్లలు కూడా దాన్ని అనుకరించేవాళ్ళు. నేలలో గుంట తీసి, తిత్తి అమర్చి, బొగ్గులు రాజేసి, కాలిన గిన్నెలో నవసాగరం చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. ఆ పొగలో మనిషి మాయమయ్యేవాడు. పొగ విడిపోయేసరికి గిన్నె లోపల ఎవరి ముఖం వాళ్ళకు కనబడేది.

పని నేర్పింది తండ్రే. నేర్పేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాడు. “తగరంలో సీసం కలపొద్దు బేటా. కలిపితే మెరుపు ఎక్కువే వస్తాది. కానీ పులుపు తగిలిందంటే విషమైతాది. గుడ్డతో రుద్దితే నల్లగా అంటుకుంటాది చూడు, అది సీసం.”

ఆ మాటను బుడేన్ సాబ్ ఒకే ఒక్కసారి దాటాడు. 1952 ఎండాకాలంలో.

అప్పటికి వరసగా వానలు తప్పిన ఏళ్ళు. బావుల అడుగున బురద కూడా ఎండి పెళ్ళలు లేచింది. సర్కారు గంజికేంద్రాలు తెరిచింది. మనుషులకు గంజి పోస్తారు గానీ పశువులకు ఎవరు పోస్తారు? తుమ్మలకుంట్లపల్లిలో ఎర్రప్ప అనే రైతు ఒక ఆలోచన చేశాడు. ఊళ్ళో ఇంకా లేచి నిలబడగల పశువులను పడమటి కొండలు దాటించి, పావగడ మీదుగా మైసూరు సీమ అడవుల్లోకి తోలుకుపోవాలి, వానలు పడ్డాక తిరిగి రావాలి. నలుగురు తోడు వచ్చారు. మొత్తం ఐదుగురు మనుషులు, అరవై రెండు పశువులు.

ఎర్రప్ప ముప్పై ఏళ్ళవాడు. చిన్నప్పుడు బండి మీదనుంచి పడి ఎడమ ముంజేయి విరిగితే నాటువైద్యుడు కట్టిన కట్టు సరిగా కుదరలేదు. చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆ వంకర చేత్తోనే పెద్ద రాగి గుండిగను మోసుకొచ్చి బుడేన్ సాబ్ ముందు పెట్టాడు.

“మామా, గట్టిగా కళాయి వెయ్యి. మూడు నెల్లు దీంట్లోనే వండుకోవాల, దీంట్లోనే తినాల.”

సంచిలో ఉన్న తగరం ఒక చెంబుకు సరిపోతుందేమో. కల్యాణదుర్గం అంగళ్ళలో తగరం దొరక్క రెండు నెలలైంది. లేదని చెప్పి పంపేయవచ్చు. కానీ ఆ ఎండలో, ఆ కరువులో, పొద్దున్నించి అతన్ని పిలిచిన మనిషి ఎర్రప్ప ఒక్కడే. సంచి అడుగున పాత బస్సు బ్యాటరీలోంచి తీసిన సీసం పలకలు ఉన్నాయి. దేనికైనా పనికొస్తాయని ఏనాడో వేసుకున్నవి. బుడేన్ సాబ్ సగానికి సగం కలిపాడు.

గుండిగ ఎన్నడూ లేనంతగా మెరిసింది. ఎర్రప్ప భార్య హనుమంతమ్మ లోపలికి తొంగి చూసి కొంగు సర్దుకుని నవ్వింది. “అద్దం మాదిరి ఉండాది సాబన్నా!”

మరునాడు పొద్దున వాళ్ళు బయలుదేరారు. రాగిపిండి, ఉప్పు, మిరపకాయలు, రెండు పెద్ద ముద్దల చింతపండు. ముందు నడిచే ఆవు మెడలో కంచుగంట. ఊరంతా పడమట ఎండిన వంక దాకా సాగనంపి వచ్చింది.

ఆ ఏడు చివర్లో నాలుగు చినుకులు పడ్డాయి. వేరే పల్లెలనుంచి అడవులకు పోయిన మందలు బక్కచిక్కి తిరిగొచ్చాయి. ఎర్రప్ప మంద రాలేదు. ఇద్దరు మనుషులు రోడ్డు వెంట మైసూరు సీమలోని హిరియూరు దాకా పోయి అడిగొచ్చారు. అట్లాంటి మందను ఎవరూ చూడలేదన్నారు. పావగడలో చూడలేదు. పావగడకు ఇవతల చూడలేదు. ఐదుగురు మనుషులు, అరవై రెండు పశువులు ముప్పై మైళ్ళ నేలలో ఎక్కడో ఇంకిపోయారు. మైసూరు సీమలో మంద అమ్ముకుని అక్కడే సంసారాలు పెట్టారని కొందరన్నారు. హనుమంతమ్మ వినేటట్టుగానే అన్నారు.

మొదటి ఏడు బుడేన్ సాబ్ తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. మూడు నెలల తిండికి సీసం ఏం చేస్తుంది, వాళ్ళు ఎక్కడో బతికే ఉంటారు అని. సీసం పలకలను తీసుకుపోయి ఒక పాడుబావిలో పారేశాడు. తర్వాత ఏనాడూ కలపలేదు. కానీ తుమ్మలకుంట్లపల్లికి పోయిన ప్రతిసారీ హనుమంతమ్మ గిన్నెలు తెచ్చి అతని ముందే పెట్టేది.

“సాబన్నా, నువ్వు ఊర్లన్నీ తిరుగుతావు. యాడన్నా ఆయప్ప మాట ఇనపడిందా?”

“లేదమ్మా.”

“ఇనపడితే చెప్పు. మంచిదైనా చెడ్డదైనా చెప్పు.”

“చెప్తానమ్మా.”

ఆ ఊరికి పడమరగా పలుగురాళ్ళ బయలు ఒకటి ఉంది. మైళ్ళ తరబడి చెట్టూ లేదు, పుట్టా లేదు. నేలంతా తెల్లటి పలుగురాళ్ళు పరిచినట్టుంటాయి. మధ్యాహ్నం ఎండకు కింద తెలుపు, పైన తెలుపు, మధ్యలో గాలి సలసల కాగుతూ కదులుతుంది. నీడ కాళ్ళ కిందికి దూరిపోతుంది. ఏడ మొదలైందో ఏడ ముగుస్తుందో కంటికి ఆనదు. 1955లో ఒక మధ్యాహ్నం ఆ అంచున నడుస్తూ బుడేన్ సాబ్ గంట చప్పుడు విన్నాడు. కంచుగంట. నాలుగడుగులకొకసారి కొట్టుకునే, ముందు నడిచే ఆవు గంట.

చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఎండమావి నీళ్ళమీద మంద పోతోంది. వీపులు కనబడుతున్నాయి, కొమ్ములు కనబడుతున్నాయి. కాళ్ళు లేవు. వెనక ఒక మనిషి. బుడేన్ సాబ్ గొంతు పగిలేలా పిలిచాడు. ఆ మనిషి తిరగలేదు. మంద ఎడమకు ఒరిగి, ఇంకా ఎడమకు ఒరిగి, తెలుపులో కలిసిపోయింది. ధూళి లేవలేదు. అంత మంద నడిస్తే పిడికెడు ధూళైనా లేవాలి.

ఇంటికొచ్చి భార్య రంజాన్ బీకి చెప్పాడు. ఆమె నుదుటిమీద తడిగుడ్డ వేసింది. “ఎండదెబ్బ తగిలింది నీకు.”

తర్వాతి వేసవిలో మళ్ళీ విన్నాడు. ఆ తర్వాతి వేసవిలోనూ. మూడోసారి చెప్పినప్పుడు రంజాన్ బీ గుడ్డ తడపలేదు. ఎదురుగా కూర్చుంది. “ఆ బయలు అంచున ఎందరో పోతారు. నీకొక్కనికే ఎందుకు ఇనపడతాది? ఆ మందతో నీకేం పని?”

అప్పుడు సీసం సంగతి చెప్పాడు.  రంజాన్ బీ లేచి ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ ఒక్కొక్కటే గుడ్డతో రుద్ది చూసింది.

“ఆ యమ్మకు చెప్పు,” అంది.

అతను చెప్పలేదు. రేపు చెప్తాను అనుకుంటూనే ఏళ్ళు గడిపాడు.

1964 ఏప్రిల్‌లో కంబదూరుకు ఒక జీపు వచ్చింది. అందులో వచ్చినాయన పేరు రామకృష్ణయ్య. కొత్తచెరువు కోమట్ల బిడ్డ. అంగడి వద్దని చదువుకుని, నేల కింద నీళ్ళు వెదికే సర్కారు సర్వేలో చేరాడు. పావగడ వైపు పాత పశువుల బాట వెంట మూడు బావులున్నట్టు అతని దగ్గరి తెల్లదొరల కాలంనాటి పటంలో గుర్తులున్నాయి. ఆ బాట తెలిసిన మనిషి కావాలని అడిగితే, ఆ పక్క అడుగు పెట్టేవాళ్ళే లేరన్నారు.

“నేనొస్తా సార్,” అన్నాడు బుడేన్ సాబ్. అప్పటికి అతనికి యాభై దాటాయి. “ఆ దారిన ఐదుగురు పోయినారు, రాలేదు. యాడికి పోయినారో చూడాల.”

రామకృష్ణయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. “నీ వాళ్ళా?”

“కాదు సార్. నా గుండిగ.”

ఆ జవాబు రామకృష్ణయ్యకు అర్థం కాలేదు గానీ, పిలుచుకుపోయాడు. జీపు నడిపేది తిప్పేస్వామి, మాటకారి. వంక దాటాక టీ కాచుకోవడానికి ఆగినప్పుడు రామకృష్ణయ్య తాను చదివిన సంగతి ఒకటి చెప్పాడు. నూరేళ్ళకు పైబడి కిందట రెండు ఓడలు ఉత్తరాన మంచు సముద్రంలోకి పోయాయట. నూటికి పైగా మనుషులు. ఒక్కడూ తిరిగి రాలేదట. వాళ్ళను వెదకడానికి పోయిన ఓడలు ఎన్నో. ఇప్పటికీ పోయి వెదుకుతూనే ఉన్నారట.

“ఏం దొరికినాది సార్?” అన్నాడు తిప్పేస్వామి.

“చెంచాలు, గుండీలు, ఎముకలు. ఒక చోట రాళ్ళ కుప్ప, దాని కింద చీటీ. అదంతా తెలుపేనప్పా. యా పక్క చూసినా తెలుపే. ఇంకేమీ ఉండదు.”

బుడేన్ సాబ్ గ్లాసు కింద పెట్టాడు. “మంచంటే నీళ్ళే కదా సార్. నీళ్ళ మధ్యన ఉండి దేనికి చచ్చినారు?”

“తిండి లేక అంటారు, రోగమంటారు, చలంటారు. ఇంకా తేలలేదు.”

మొదటి బావి దగ్గర నాలుగు గుడిసెల పల్లె ఉంది. అందులో మిగిలిన ముసలమ్మ ఒకతె కరువేడు అక్కడే ఉన్నానంది. మందను చూశానంది. ఈ సంగతి పన్నెండేళ్ళలో ఆమెను అడిగినవాళ్ళు లేరు.

“ఐదుగురప్పా. బావిలో నీళ్ళు లేవంటినే. ఒకడు కడుపు పట్టుకొని ఆ గోడకాడ పన్న్యాడు. పొర్లినాడు. నోట్లో ఇనుము రుచి తగుల్తాందన్నాడు. వంకర చెయ్యోడు వాన్ని ఎద్దుమీద పండేసుకొని పాయ.”

“ఇనుము రుచి అన్నాడా?” అన్నాడు బుడేన్ సాబ్. 

“అట్లనే అన్నాడు. నాకెందుకు అబద్ధం.”

ఆ పూట పల్లె చావడిలో పడుకుని పొద్దున్నే బయలుదేరారు. కనుమ మొదట్లో నిలువెత్తున రాళ్ళు పేర్చిన సమాధి కనబడింది. పక్కనే ఎద్దు పుర్రె. ఎద్దుమీద పోయినవాడి ప్రయాణం అంతటితో సరి. కనుమ దాటితే పలుగురాళ్ళ బయలు అవతలి కొస. ఒకే పోలికగా మూడు గుట్టలు. రామకృష్ణయ్య దిక్సూచి తీసి చూశాడు. ముల్లు ఒక చోట నిలవకుండా కదులుతోంది. “ఈ గుట్టల్లో ఇనుపరాయి ఉన్నట్టుండాది. సరేలే, నడిగుట్టకు సూటిగా పోనీ.”

తిప్పేస్వామి పోనిచ్చాడు. అరగంట నడిపినా గుట్ట దగ్గరికి రాలేదు. ఎండ నడినెత్తికెక్కింది. కళ్ళు తెరిస్తే మంట, మూసినా తెలుపే. ఇంకో అరగంటకు తిప్పేస్వామి ఉన్నట్టుండి జీపు ఆపేశాడు. పొద్దున్నించీ ఆగకుండా మాట్లాడిన మనిషి గొంతు తగ్గించి అన్నాడు.

“సార్, ఈ చక్రాల గుర్తులు మనవే.”

దిగి చూశారు. నిజమే. ఒకటి కాదు, రెండు జతలు. రెండుసార్లు ఆ చోటునుంచే పోయారు, ఇది మూడోసారి. సూటిగా పోతున్నామనుకుంటూ ఎడమకు ఒరిగి, ఇంకా ఎడమకు ఒరిగి, గుండ్రంగా తిరుగుతున్నారు.

బుడేన్ సాబ్ చక్రాల గుర్తుల పక్కనే వంగి చూస్తున్నాడు. తెల్లరాళ్ళలో కలిసిపోయి, వంగి చూస్తే తప్ప తెలియకుండా, ఎముకలున్నాయి. డొక్కలు, వెన్నుపూసలు. కొంచెం ముందుకు పోతే ఇంకో పశువు. ఇంకా ముందు ఇంకోటి. కరువేళ్ళలో మూలమూలలా తిరిగి ఎముకలు ఏరుకుపోయే బండ్లవాళ్ళు కూడా ఇక్కడికి రాలేదు. అతను ఆ ఎముకల వెంట నడిచాడు. మిగతా ఇద్దరూ వెనకే నడిచారు. ఎముకలు ఎడమకు ఒరిగాయి. జీపు గుర్తులూ వాటి పక్కనే ఒరిగాయి.

“మనం తిరిగింది వాళ్ళు తిరిగిన దారే సార్,” అన్నాడు.

 గాలి లేదు. ఆ ఎముకల్లో ఒక దాని మెడ దగ్గర కంచుగంట పడి ఉంది. బుడేన్ సాబ్ దాన్ని ఎత్తి ఊపాడు. చప్పుడు రాలేదు. లోపలి ఇనుప నాలుక ఎప్పుడో తుప్పు పట్టి రాలిపోయింది.  గంట పలకదంటే, తను విన్నది ఏమిటి?

ఎడమవైపు గుట్ట అడుగున రాతి చరువు ఉంది, ముందుకు వంగిన బండ కింద గూడులాంటి చోటు. దాని నీడలో మూడు పొయ్యిరాళ్ళు. ఇద్దరు పక్కపక్కనే పడుకున్నట్టు ఉన్నారు. మీద కప్పిన కంబళి చాలావరకు చెదలు తినేసింది. మూడోవాడు బండకు ఆనుకుని కూర్చున్నాడు, కూర్చున్నట్టే ఉన్నాడు. ముందు గుండిగ.

బుడేన్ సాబ్ ముగ్గురి ఎడమ ముంజేతులూ చూశాడు. మూడూ నిటారు ఎముకలే. తర్వాత గుండిగ ముందు గొంతుకూర్చుని, తలపాగా కొస తీసి లోపల రుద్దాడు. తెల్లగుడ్డ నల్లబడింది.

రామకృష్ణయ్యకు అప్పుడు అంతా చెప్పాడు. ఆయన గుండిగను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దీనివల్లే చచ్చినారని ఎట్ల చెప్తావప్పా? కరువేడు బావులన్నీ ఎండిపోయినాయి. నీళ్ళు లేక చచ్చింటారు.”

“దీనివల్ల కాదని ఎట్ల చెప్తారు సార్?”



చరువు బయట తిప్పేస్వామి పిలిచాడు. అక్కడ రాయిమీద రాయి, దానిమీద రాయి, మూడు పేర్చి ఉన్నాయి. నల్లరాళ్ళు రెండు, పైన పలుగురాయి. అక్కడినుంచి చూస్తే పడమరగా ఇంకోటి. అది చేరితే ఇంకోటి. చుట్టూ తిరగడం తెలిసొచ్చినవాడెవడో, ఈసారి తప్పిపోకుండా వెనక్కి చూసుకుంటూ, వరస తప్పకుండా పెట్టుకుంటూ పోయాడు. వరస ఎక్కడా ఎడమకు ఒరగలేదు. లెక్కపెట్టుకుంటూ నడిచారు. పదకొండు. పదకొండోది పెద్ద బండమీద ఉంది. రెండే రాళ్ళు. మూడోది పక్కన పడి ఉంది.

ఆ తర్వాత ఏమీ లేదు. మనిషి లేడు, ఎముక లేదు, గుడ్డపీలిక లేదు. ముగ్గురూ మూడు దిక్కులకూ పోయి వెదికారు. రామకృష్ణయ్య పటం విప్పి వేలితో కొలిచి, మళ్ళీ కొలిచి, మడిచేశాడు.

“ఇంకా మైలున్నర పోయింటే పావగడ రోడ్డు,” అన్నాడు.

తిరిగొచ్చిన రోజే బుడేన్ సాబ్ ఇంటికి పోకుండా తుమ్మలకుంట్లపల్లికి పోయాడు. గుండిగను హనుమంతమ్మ గడప ముందు పెట్టి నిలబడే చెప్పాడు. సీసం, ముసలమ్మ మాట, చరువు, పదకొండు గురుతులు. దేన్నీ దాచలేదు. ఆమె గుండిగను ముట్టుకోలేదు.

“సీసం చంపిందో, కరువు చంపిందో నాకు తెల్దు,” అంది చివరికి. “నువ్వు నా గిన్నెలకు కళాయి ఏసుకుంటా పన్నెండేండ్లు నోరు మూసుకున్న్యావే. అడిగిన ప్రతిసారీ లేదంటివే. ఊరోళ్ళు ఆయప్ప ఇంకోదాన్ని కట్టుకున్న్యాడంటే, నేనూ ఒకోనాడు నమ్మితిని. ఆ పాపం నీదే సాబన్నా.”

“నాదేనమ్మా.”

“ఆ రాళ్ళు ఆయప్పే పెట్న్యాడు. యాడ ఆగిపోయినాయో ఆడికి నన్ను తీస్కపో.”

ఊరివాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చారు. నలుగురి ఎముకలనూ మూటలు కట్టుకుని కనుమ మీదుగా వెనక్కి తిరిగారు. హనుమంతమ్మ వాళ్ళతో పోలేదు. బుడేన్ సాబ్ వెంట పదకొండో గురుతు దాకా నడిచింది. పడిపోయిన పలుగురాయిని తీసి పైన పెట్టింది. చుట్టూ చూడలేదు, ఏడవలేదు. పడమరకు తిరిగి నూరడుగులు వేసి అక్కడ ఆగింది.

“రాళ్ళు తే,” అంది.

అతను తెచ్చాడు. ఆమె పేర్చింది. అట్లా అతను మోస్తూ, ఆమె పేరుస్తూ, ఆ ఎండలో మైలున్నర నడిచారు. నడుస్తుంటే వెనక రాళ్ళమీద అడుగుల చప్పుడు అయ్యేది. తమ అడుగులేనని బుడేన్ సాబ్ అనుకున్నాడు. ఆగి చూస్తే, ఒక అడుగు ఆలస్యంగా ఆ చప్పుడూ ఆగేది. హనుమంతమ్మ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఒక చోట మాత్రం, కదిలేముందు, ఎవరో ఆయాసపడుతుంటే ఆగినట్టు కాసేపు ఊరికే నిలబడింది.

రోడ్డు చేరేసరికి పొద్దు పడమటికి దిగింది. పావగడ బస్సు వస్తూ ఆగింది. కండక్టరు మెట్లమీద నిలబడి తలకాయలు లెక్కపెట్టాడు.

“బిరబిర ఎక్కండి. మూడు టిక్కెట్లేనా?”

బుడేన్ సాబ్ నోరు తెరిచాడు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాలలేదు. హనుమంతమ్మ మెట్టుమీద కాలు పెడుతూ, “ఊఁ, మూడే,” అంది.

మరునాడు ఆమె మెట్టెలు తీసేసింది. పన్నెండేళ్ళుగా ఊరు ఎంత చెప్పినా తీయని మెట్టెలు. సీసం సంగతి ఆమె ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. బుడేన్ సాబ్‌తో మళ్ళీ మాట్లాడనూ లేదు. అతనే రచ్చకట్ట దగ్గర నలుగురిలో నిలబడి చెప్పుకున్నాడు. చచ్చినవాళ్ళ అన్నదమ్ములు ఇద్దరు కొట్టడానికి లేచారు. మిగతావాళ్ళు ఆపారు. ఆ తర్వాత ఆ ఊళ్ళో అతనికి గిన్నె ఇచ్చినవాళ్ళు లేరు. వేరే ఊళ్ళలో ఇస్తామన్నా అతను తిత్తి ముట్టుకోలేదు.

తర్వాత మూడేళ్ళు బుడేన్ సాబ్, రామకృష్ణయ్య సర్వే జీపులో దారి చూపించే పని చేశాడు. రాతి చరువు పక్కనే బోరు వేయిద్దామని ఒకటికి పదిసార్లు అడిగి వేయించాడు. నూట నలభై అడుగుల దాకా పోయినా నీళ్ళు పడలేదు. కళ్ళు మసకబారాక ఇంటిపట్టునే ఉండి, 1969 వేసవిలో చనిపోయాడు.

ఆ బస్సు సంగతి రంజాన్ బీ చాలాసార్లు అడిగింది, కండక్టరుకు చూపు సరిగా ఉన్నిందా లేదా అని. అతను ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు. “ఆ యమ్మ కిటికీ పక్కన చోటు ఇడిచి కూచునింది. బస్సు నిండా జనం, నిలబడినోళ్ళు నిలబడినట్టే ఉండారు. పావగడ దాకా ఆ చోటులో కూచోవాలని ఒక్కరికీ తోచలేదు.”